రాతి మీది పేరు

వాక్యభాగములు: 2 సమూయేలు 18:17, 18, నిర్గమకాండము 28:9-12, ఆదికాండము 35:19, 20

ఈసారి వాక్యం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఏదైనా కీర్తన మీద రాద్దామనుకొన్నాను. అయితే రెండు నెలలుగా నా బల్ల మీద ఒక ఫోటో ఉన్నది. ఏ వాక్యం తెరిచినా ఆ ఫోటోయే అడ్డు వస్తున్నది. గనుక దానిని గూర్చియే రాస్తున్నాను.

మా అన్నగారి కుమారుడు ఇంగ్లండులో లెస్టరు పట్టణంలో చాలాకాలంగా ఉంటున్నాడు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లలను తీసుకొని పట్టణం వెలుపలి ఒక పల్లెకు వెళ్లాడట. అక్కడి పాత దేవాలయం చుట్టూ, ఆ దేశపు వాడుక చొప్పున, గడ్డిలో సమాధి రాళ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఫోటో తీయించి, కాగితం మీద ముద్రించి, ఊరికి వచ్చేవారితో నాకు పంపాడు.

ఆ రాయి నల్లగా కాదు, నీలంగా కాదు, వాన పడబోయే ముందు గోదావరి ఉండే రంగులో ఉన్నది. మనిషి రొమ్ము ఎత్తు ఉంటుంది. పైన విల్లులా వంపు. ఆ వంపులో రెక్కలు గల పసిబిడ్డ ముఖం. దాని క్రింద ఇసుక గడియారం, అనగా మనిషి ఆయుష్షు గింజ గింజగా జారిపోతున్నదని గుర్తు. ఆ క్రింద పేరు, సంవత్సరం. 1700ల నాటిది. అక్షరాల చివరలు మన ఆడపిల్లలు వేసే మెలికల ముగ్గులాగా తిరిగి తిరిగి వెళ్లాయి. రెండువందల ఏళ్లకు పైగా మంచు, వాన తిన్నప్పటికీ నిన్న చెక్కినట్టే ఉన్నాయి అక్షరాలు.

కారణం ఆ రాయి. లెస్టరు ప్రాంతంలో స్విత్‌ల్యాండ్ అనే చోట పలకరాయి దొరికేది. పద్దెనిమిదవ శతాబ్దంలో అక్కడి పనివారు దాని మీద చెక్కిన సమాధి రాళ్లు ఇంగ్లండులో పేరుపొందినవి. ఇసుకరాయి అయితే పొరలు పొరలుగా ఊడిపోయి పేరు పోతుంది. పలకరాయి నీరు పీల్చదు గనుక సన్నని గీత కూడా నిలుస్తుంది. అది మనకు తెలియని రాయి కాదు. మన మార్కాపురం గనుల పలకలతో మూడు తరాల తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దారు. నేనూ వాటి మీదనే నేర్చుకొన్నాను, వాటి మీదనే నేర్పాను.

ఫోటో వెనుక వాడు ఇలా రాశాడు: “బాబాయ్, అమ్మకి అచ్చం ఇలాంటిదే పెట్టించాలి. రెక్కలు, గడియారం, అన్నీ ఉండాలి. ఖర్చు ఎంతయినా ఫరవాలేదు. నువ్వు దగ్గరుండి చూసుకో.”

మా వదినగారు ప్రభువునందు నిద్రించి ఏడాది దాటింది. ఆమె సమాధి మీద ఇప్పటివరకు మట్టి, ఒక కొయ్య సిలువ మాత్రమే ఉన్నాయి. కొడుకు రాయి పెట్టిస్తానంటే సంతోషించవలసిన నేను, ఆ ఫోటోను బైబిలు క్రింద పెట్టి, ఈ రోజు రేపని జవాబు రాయలేదు. ఎందుకో చెప్పాలంటే మా సమాధుల తోట సంగతి చెప్పాలి.

మా తోట చిన్నది. ఒక ప్రక్క కాలువ గట్టు, ఒక ప్రక్క రోడ్డు, రెండు ప్రక్కల ఇతరుల స్థలాలు. పెరగడానికి వీలు లేదు. పెద్దలు పూర్వం నుండి ఒక కట్టడ పెట్టుకొన్నారు: ఎవరి మీదా పక్కా కట్టడం కట్టకూడదు, మట్టి సమాధియే ఉండాలి, చాలా ఏళ్లయిన తరువాత ఆ చోటనే మరియొకరిని భూస్థాపన చేయవచ్చు. తాత ఉన్న చోటనే మనుమడు. దానిలో ఎవరికీ అవమానం తోచలేదు. తరువాత పిల్లలు విదేశాలకు వెళ్లారు, డబ్బు వచ్చింది. దేవాలయపు పైకప్పుకు ఎక్కువ చందా పంపిన ఒక కుటుంబం వారు తమ తండ్రిగారికి గ్రానైటు సమాధి కట్టుకొంటామని అడిగారు. కమిటీలో చేయి ఎత్తినవారిలో నేనూ ఒకడను. కాదన్నవారు ఇద్దరే, వారిలో ఒకరు మా వదినగారు. ఒకరికి ఇచ్చాక రెండవవారికి ఎలా కాదంటాము? ఈనాడు అటువంటివి పదిహేడు ఉన్నాయి. చుట్టూ గొలుసులు, ఇనుప చట్రాలు, కొన్నిటికి పైన రేకు పందిరి. తోటలో మూడవ వంతు వాటికే పోయింది.

పోయిన వర్షాకాలంలో మా సంఘంలో ఒక రిక్షా సహోదరుడు చనిపోయాడు. ఎక్కడ తవ్వినా గ్రానైటు పునాది తగిలింది. చివరకు కాలువ గట్టు వాలులో తవ్వితే మూడడుగులకే నీరు ఊరింది. పెట్టె దించుతుంటే అతని భార్య నీళ్లు చూసి ఒక్క మాట అన్నది: “తడిసిపోతాడండీ, మేష్టారూ.” ప్రార్థన చేయవలసినవాడను నేనే. ఏమని చేశానో నాకు జ్ఞాపకం లేదు.

ఈ సంగతి తరువాత వచ్చింది ఫోటో.

ప్రియులారా, మనిషికి తన పేరు రాతి మీద ఉండాలని ఎందుకు అంత ఆశ? ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజుల్లో నేను బందరుకోటలోని డచ్చివారి సమాధులు చూశాను. ఆ ప్రాంతం వారు ఇప్పటికైనా వెళ్లి చూడవచ్చు, పురావస్తు శాఖవారి సంరక్షణలో ఉన్నాయి. డచ్చివారు పదిహేడవ శతాబ్దపు ఆరంభంలోనే బందరులో వర్తకశాల పెట్టి, బట్టల వ్యాపారంతో బాగా గడించారు. పోయినవారికి పెద్ద పెద్ద రాతి పలకలు పరిచారు. వాటి మీద వంశ చిహ్నాలు, అంచుల వెంట లతలు, మధ్యన బారులు తీరిన అక్షరాలు. ఆ అక్షరాలు లోపలికి తవ్వినవి కావు. చుట్టూ ఉన్న రాతినంతా తీసివేస్తే అక్షరం పైకి లేచి నిలిచింది. అటువంటి పని ఎంత కష్టమో రాతిపనివారిని అడగండి. ఒక్క దెబ్బ తప్పితే పలకంతా పోతుంది. ఈ రాళ్లు చెక్కినది మన తీరపు పనివారేనని చెబుతారు. కోరమాండల్ తీరపు చెక్కడపు రాళ్లు ఓడలెక్కి బటావియా వరకు వెళ్లేవి.

నేను అక్కడ నిలబడి ఆలోచించినది ఆ పనివానిని గూర్చి. అతనికి డచ్చి భాష రాదు. బహుశా ఏ లిపి రాదు. తన ఎదుట గీసి ఇచ్చిన గీతలను, ఒక్కటి పొల్లుపోకుండా, పరాయివాని పేరుగా నిలబెట్టాడు. తన పేరు ఎక్కడా లేదు. ఈనాడు ఆ రాళ్ల దగ్గర మేకలు కాసే పిల్లవాడు ఆ పేరూ చదవలేడు, ఈ పేరూ ఎరుగడు. మా యానాంలోనూ అంతే. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు మాది. 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ క్యాథలిక్ దేవాలయం ఇప్పటికీ ఉన్నది. ఫ్రెంచివారి సమాధుల తోట ఉన్నది. ఆ భాష చదివేవారే ఊళ్లో పలుచబడిపోయారు. రాయి పేరును దాచగలదు గాని, చదివేవానిని కనలేదు.

ఇప్పుడు అబ్షాలోము సంగతి చూడండి. రెండవ సమూయేలు పదునెనిమిదవ అధ్యాయంలో రెండు వచనములు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. పదునెనిమిదవ వచనంలో, తన పేరు నిలుపుటకు కుమారుడు లేడని చింతించి, బ్రదికియుండగానే రాజు లోయలో తన కొరకు ఒక స్తంభము నిలిపించుకొన్నాడనీ, దానికి తన పేరే పెట్టుకొన్నాడనీ ఉన్నది. దానికి ముందు వచనంలో ఏమున్నది? అతనిని అడవిలో ఒక గోతిలో పడవేసి, పైన పెద్ద రాళ్లకుప్ప వేసిరని. అతడు చెక్కించుకొన్న రాయి ఒకటి, జనులు విసిరిన రాళ్లు అనేకం. గ్రంథకర్త ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. రెండు రాళ్లనూ ప్రక్కప్రక్కన పెట్టి ఊరకున్నాడు. నా నలుబది ఏళ్ల వాక్యపఠనంలో ఇంత నిశ్శబ్దంగా కొట్టే దెబ్బ మరియొకటి చూడలేదు.

యెషయా ఇరువది రెండవ అధ్యాయంలో షెబ్నా అను గృహనిర్వాహకుడు ఉన్నాడు. ఎత్తయిన బండలో తనకు సమాధి తొలిపించుకొంటున్నాడు. ఇక్కడ నీకు ఎవరున్నారు, ఏ అధికారముతో తొలిపించుకొంటున్నావని దేవుడు ప్రవక్త నోట అడిగించాడు. పైగా, చెండు చుట్టినట్టు చుట్టి విశాలమైన దేశములోనికి విసరివేస్తాననీ, అక్కడనే చస్తావనీ చెప్పాడు. విశాలమైన దేశములలో ఉన్న మీకు ఈ మాట కటువుగా వినబడవచ్చు. మీరు విసరివేయబడినవారని నా అభిప్రాయం కాదు. కష్టపడి వెళ్లారు, దేవుడు నడిపించాడు. అయితే మీలో అనేకులు అక్కడ బ్రదుకుచు, ఇక్కడ రాయి వేసుకొంటున్నారు. ఇక్కడ మీకు ఎవరున్నారు అని వాక్యం అడుగుతున్నది. రాయి దగ్గర ఎవరు నిలబడతారు?

మా ఊరి నుండి పోయినవారి సంగతి నేను చెప్పనక్కరలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే మన పిల్లలకు తెలియదు. వలస మీతో మొదలు కాలేదు. 1828లో ఇక్కడి నుండి పదిహేనుమంది తెలుగువారు ఓడ ఎక్కి, అప్పట్లో బుర్బోన్ అని పిలిచిన రీయూనియన్ ద్వీపానికి ఒడంబడిక కూలీలుగా వెళ్లారు. తరువాత వేలమంది వెళ్లారు. మా ప్రక్కనే ఉన్న కోరంగి రేవు నుండి, ఆ తరువాత కాకినాడ నుండి రంగూనుకు వెళ్లినవారు ఎందరో. బర్మాలో తెలుగువాడంటే ‘కొరంగీ’ అనే పిలిచేవారు. వారెవరికైనా చెక్కిన రాయి ఉన్నదా? చెరకు తోటల ప్రక్కన, రేవుల ప్రక్కన మట్టిలో కలిసిపోయారు. కోరంగి రేవునే 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ముంచివేశాయి. ఊరే పోయినచోట సమాధి రాళ్ల మాట ఎందుకు?

నా కళ్లతో చూసినది 1996 నవంబరు 6వ తేదీ తుపాను. మీలో పెద్దవారికి జ్ఞాపకం ఉంటుంది. మా యానాం, కోనసీమ, భైరవపాలెం, బలుసుతిప్ప ప్రాంతాలు అల్లకల్లోలమయ్యాయి. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు వెళ్లిన పడవలు తిరిగి రాలేదు. రొయ్య పిల్లలు పట్టడానికి తీరం వెంట గుడిసెలు వేసుకొన్నవారు గుడిసెలతోనే పోయారు. శవాలు దొరకనివారు ఎందరో. అప్పుడు నేను ఒక మత్స్యకార గ్రామపు బడిలో పని చేస్తున్నాను. కొన్ని దినముల తరువాత బడి తెరిచి, అలవాటు చొప్పున హాజరుపట్టీ తీసి పేర్లు పిలిచాను. ఒక పేరు దగ్గర ఎవరూ పలుకలేదు. మళ్లీ పిలిచాను. వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడు లేచి, “వాడు సముద్రంలో ఉన్నాడండి” అన్నాడు.

ఆ పేరుకు ఎర్రసిరాతో అడ్డగీత కొట్టాలని నిబంధన. నేను ఆ సంవత్సరం అంతా కొట్టలేదు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే మరచిపోయానని చెప్పాను. అది అబద్ధం, దేవుడు క్షమించునుగాక. సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించునని ప్రకటన గ్రంథం ఇరువదియవ అధ్యాయంలో చదివినప్పుడెల్ల నాకు సముద్రం కనబడదు, ఆ హాజరుపట్టీ కనబడుతుంది. రాయి లేనివాని పేరు కూడా ఎక్కడో ఒకచోట గీత కొట్టకుండా ఉన్నదని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకం లేకపోతే నేను వాక్యం చెప్పడం మానుకొని ఉండేవాడను.

ఇంగ్లండులో ఉన్న మన సహోదరులకు ఒక మాట. మీకు దగ్గరలోనే, సర్రేలో డార్కింగ్ అను ఊరి సమాధుల తోటలో సర్ ఆర్థర్ కాటన్ గారి సమాధి ఉన్నది. 1899లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మా గోదావరి సీమకు అన్నం పెట్టిన భక్తిగల క్రైస్తవుడాయన. మన తెలుగువారు కొందరు అక్కడికి వెళ్లి పువ్వులు పెట్టి వస్తుంటారు, మంచిదే. కాని ఆయనను తలచుకోవడానికి మా రైతుకు డార్కింగ్ వెళ్లే పని లేదు. కాలువలో నీరు వదిలిన రోజున తలచుకొంటాడు. స్నానం చేసి సంకల్పంలో ఆయన పేరు చెప్పుకొనే బ్రాహ్మణులు గోదావరి ఒడ్డున ఉన్నారు.

లెస్టరు వారికి మరియొక మాట. విలియం కేరీ గారు 1789 నుండి 1793లో ఇండియాకు బయలుదేరే వరకు మీ పట్టణంలోనే బాప్తిస్తు సంఘ కాపరి. చెప్పులు కుట్టిన చేతులతో భాషలు నేర్చినవాడు. మా అబ్బాయి ఫోటో తీసిన రాళ్లవంటి వాటి ప్రక్కనుండే ఆయన నడిచి ఉంటాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరులో ఆయన ముద్రాలయం నుండే వచ్చింది. 1834లో చనిపోకముందు తన రాతి మీద ఏమి ఉండాలో వ్రాసి పెట్టాడు: పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, ఐజాక్ వాట్స్ గారి కీర్తనలోనివి రెండు చరణములు, అంతకు మించి ఏమీ వద్దని. అవి కూడా తాను దీనుడననీ, ప్రభువు చేతులలో వాలుచున్నాననీ చెప్పేవే. అన్ని భాషలలో దేవుని వాక్యం చెక్కినవాడు తన రాతి మీద అంతకంటె చెక్కనివ్వలేదు.

మన కాకినాడ ప్రాంతపు సంఘములకు మూలపురుషుడు తామస్ గాబ్రియేలు గారు. తంతి శాఖలో ఉద్యోగం వదలుకొని, అప్పులపాలై సువార్త ప్రకటించారు. ఆయన పిలుపు మీదనే కెనడా బాప్తిస్తులు మెక్లారిన్ గారిని 1874లో కాకినాడకు పంపారు. 1875 ఆరంభంలోనే గాబ్రియేలు గారు నిద్రించారు. మీరు పుట్టక మునుపే మీ తాతలకు బాప్తిస్మమిప్పించినది ఆయన పిలుపే.

సరే, ఇక మా వదినగారి సంగతి. ఆమెకు చదువు రాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు నేను మా వీధి అరుగు మీద రాత్రిబడి పెట్టాను. అప్పటికి ఆమెకు ఏభై ఏళ్లు. పది మంది ఆడవాళ్లలో అందరికంటె వెనుకబడినది ఆమె. మార్కాపురం పలక ఒడిలో పెట్టుకొని, నాలుక పంటి క్రింద నొక్కి, తన పేరు దిద్దేది. మూడు నెలలు పట్టింది. ‘ర’కు తలకట్టు పెట్టడం మరిచేది. చివరకు వచ్చిన రోజున పలక తుడవనివ్వలేదు. గోడకు ఆనించి దీపం ప్రక్కన పెట్టుకొని, “మరిదిగారూ, ఇది నేనేనా?” అని అడిగింది. అది మొదలు ఎక్కడా వేలిముద్ర వేయలేదు.

ముప్పై ఏళ్లు ఆమె ప్రతి శనివారం సంచి పట్టుకొని మన ఇండ్లన్నీ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసింది. అన్నం వండేముందు దేవునికని ప్రక్కన పెట్టిన పిడికెడు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే మా దేవాలయపు ప్రహరీ గోడ సగం లేచింది. గోడ పూర్తి అయ్యాక శిలాఫలకం వేశాము. కార్యదర్శిని నేనే. దాని మీద మా నాన్నగారి పేరు, కమిటీ పేర్లు, నా పేరు చెక్కించాను. బియ్యం ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు ఎక్కువైపోతాయి, అక్షరానికి ఇంత అని రాతిపనివాడు అడుగుతున్నాడని వదిలివేశాను. ప్రతిష్ఠ దినమున ఆమె ఆ ఫలకం ఎదుట నిలబడి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని, అన్నీ చదివింది. చదవడం నేను నేర్పినదే గదా. తన పేరు లేదని ఒక్క మాట అనలేదు. “బాగా చెక్కాడండీ” అన్నది. ఇప్పటికీ ఆ గోడ ప్రక్కగా వెళ్లేటప్పుడు నేను ఎదుటి వైపు చూస్తూ వెళతాను.

నిర్గమకాండము ఇరువది ఎనిమిదవ అధ్యాయము చూడండి. యాజకుని వస్త్రముల సంగతులని పేజీ తిప్పివేసే భాగం అది. బైబిలులో పేర్లు చెక్కిన రాళ్లు మొదట కనబడేది అక్కడనే. రెండు లేతపచ్చలు. ముద్ర చెక్కేవాని పనితనముతో, పుట్టిన క్రమము చొప్పున, ఒకదాని మీద ఆరు పేర్లు, ఒకదాని మీద ఆరు. రూబేను పేరు ఉన్నది, తండ్రి మంచమును అపవిత్రపరచినవాడని తీసివేయలేదు. ఆ రాళ్లను ఎక్కడ పెట్టమన్నాడు దేవుడు? సమాధి మీద కాదు, గోడ మీద కాదు. అహరోను రెండు భుజముల మీద. వాటిని మోసికొని అతడు దేవుని సన్నిధికి వెళ్లాలి. బ్రదికియున్నవాడు ఎవరి పేర్లను భుజాల మీద మోయాలో అవి ఆ పేర్లు. బరువు ఎంత? తూచినవారు లేరు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్తులు తమ స్వంత మిషనరీగా జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినది ఎందుకు? చెరకు తోటలకు వెళ్లిన తమవారి పేర్లు భుజాల మీద బరువుగా ఉన్నందుననే.

ఇవన్నీ పోగుచేసుకొని మా అబ్బాయికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. కాలువ గట్టు సంగతి, ఆ సహోదరుని భార్య అన్న మాట, వాళ్లమ్మ కమిటీలో చేయి ఎత్తని సంగతి, అన్నీ రాశాను. అబ్షాలోమును కూడా రాశాను, కొంచెం గట్టిగానే. ఆఖరి రెండేళ్లు ఆమె పడకలో ఉన్నప్పుడు నువ్వు ఎన్నిసార్లు వచ్చావని అడుగుతూ ఒక వాక్యం రాసి, మళ్లీ కొట్టివేశాను. కొట్టివేసినా కాగితం మీద కనబడుతూనే ఉన్నది. పోస్టు చేశాను.

వాడు వారానికి ఫోను చేశాడు. కోపగిస్తాడనుకొన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు: “బాబాయ్, రెక్కలొద్దు, గడియారమొద్దు. నువ్వు చెప్పింది నాకర్థమైంది. కానీ నేనొచ్చినప్పుడు అమ్మ ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? ఆ కొయ్య సిలువ చెదలు తినేస్తే నువ్వూ లేకపోతే ఎవర్నడగాలి?”

నాకు జవాబు తోచలేదు. నాలుగు పేజీలలో ఆ ఒక్క ప్రశ్న నేను అనుకొననే లేదు. ఆ రాత్రి ఆదికాండము ముప్పది అయిదవ అధ్యాయం తీశాను. రాహేలు ప్రయాణంలో, ఎఫ్రాతా మార్గమున చనిపోయింది. యాకోబు గుడారాల మనిషి, అక్కడ నిలువలేడు, ముందుకు పోవాలి. ఆమె సమాధి మీద ఒక స్తంభము నిలిపి వెళ్లాడు. దేవుడు గద్దించలేదు. ముసలివాడై ఐగుప్తులో చావబోతూ కూడా ఆ మార్గమునే తలచుకొని యోసేపుతో చెప్పాడు, నలుబది ఎనిమిదవ అధ్యాయంలో. అబ్షాలోము రాయి తన కొరకు, యాకోబు రాయి దారి తెలియడానికి. వలస వెళ్లేవానికి దారి తెలియాలి. ఇన్నేళ్లు వాక్యం చెప్పిన నాకు ఈ భేదం లెస్టరులోని పిల్లవాడు చూపించాడు.

కమిటీలో పెట్టాను. అందరికీ ఒకే కొలత: జానెడు వెడల్పు, మూరెడు పొడవు, నేలకు సమంగా పరచిన పలకరాయి. పేరు, రెండు తేదీలు. పునాది ఉండదు, గొలుసు ఉండదు. చోటు తిరిగి వాడవలసి వచ్చినప్పుడు పాత పలకను ప్రహరీ గోడకు ఆనించి, క్రొత్తది పరచాలి. ఇవ్వలేనివారి పలకకు ఇవ్వగలవారు పెట్టాలి. మొదటిది కాలువ గట్టు మీది సహోదరునికి. మార్కాపురం నుండి రాయి తెప్పించడానికి ఎంత అవుతుందో కనుక్కొంటున్నాము. ఉన్న పదిహేడు గ్రానైటు సమాధులను ఏమి చేయాలనే దాని మీద తగాదా ఇంకా నడుస్తూనే ఉన్నది. వాటిలో నాలుగు ఈ పత్రిక చదివే కుటుంబాలవారివి. మీ తల్లిదండ్రులను కదల్చమని నేను అడగడం లేదు. చుట్టూ ఉన్న గొలుసులు, చట్రాలు, పందిళ్లు తీయడానికి మీరు ఒప్పుకొంటే ఇంకా పన్నెండు మందికి చోటు వస్తుందని మా కుర్రవాళ్లు టేపు పెట్టి కొలిచారు. సంవత్సరాంతపు సర్వసభ్య సమావేశం లోపుగా మీ మాట తెలియజేయండి. శిలాఫలకం సంగతి కూడా ఆ సమావేశంలోనే పెడతాను. బియ్యం ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు ఆ రాత్రిబడి రిజిస్టరులో ఉన్నాయి, కొన్ని మాత్రం చెదలు తిన్నాయి. మీ అమ్మమ్మలు, నానమ్మలు ఆ సంచిలో పిడికెడు వేసినవారైతే, పేరు పూర్తిగా వ్రాసి పంపండి.

మా అబ్బాయి ఈస్టరుకు వస్తున్నాడు. ఆ తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో తోటకు వెళతాము గదా, అప్పుడు వాడు వాళ్లమ్మ దగ్గర నిలబడాలని కోరుకొన్నాడు. ఆ కొయ్య సిలువ నిజంగానే క్రింద చెదలు పట్టి ఉన్నది. నిన్న సాయంత్రం ఒక కుర్రవానిని వెంట తీసుకొని వెళ్లి, రోడ్డు గేటు నుండి అడుగులు కొలిచి కాగితం మీద వ్రాసుకొన్నాను. ముప్పది నాలుగు అడుగులు తిన్నగా, తరువాత ఎడమకు పదకొండు.